చూడకుండా చేసిన సంతకాలు

కాలేజీలో నా తర్వాత నా గదిలోకి వచ్చిన లెక్చరర్ అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. కొత్త ఉద్యోగం, కొత్త సిలబస్, ఊపిరి సలపని పని. "మేడం, వ్యవస్థీకృత నేరం పాఠానికి మీ నోట్సు ఉంటే పంపుతరా?" అని అడిగింది. ఉన్నాయి. అంచులు చిరిగిపోయి, మధ్యమధ్య టీ మరకలు పడ్డ నోట్సు. ఫోటోలు తీసి పంపాను.

పంపాక రెండు రోజులు మనసు కుదుటపడలేదు. ఆ నోట్సులో నిర్వచనం ఉంది, లక్షణాలున్నాయి, పరీక్షలో ఎన్ని పాయింట్లు రాస్తే ఎన్ని మార్కులో ఉంది. నా సంగతి లేదు. అది లేకుండా ఆ పాఠం చెబితే సగమే చెప్పినట్టని నాకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, ఏదో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సోషియాలజీ అని బోర్డు పెట్టిన గదిలో ఒక్కరే కూర్చోబోయే మిగతా వాళ్లకీ.

ప్రమోషన్లూ బదిలీలూ రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకు ఆవలింతలు వస్తాయి. కాలేజీ పేరు రాయను, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల అనుకుంటే చాలు. ఏ ఆఫీసు, భూమి ఏ ఊరిది అన్నదీ రాయను. మనుషుల పేర్లు మార్చాను. నా పేరు మాత్రం అనసూయే, దాన్ని మార్చి దాక్కోవాలని లేదు.

ఒక్కరే ఉన్న శాఖ

మా కాలేజీలో కామర్స్ వాళ్లు నలుగురు, తెలుగు వాళ్లు ఇద్దరు, కెమిస్ట్రీ వాళ్లు ముగ్గురు. సోషియాలజీకి నేనొక్కదాన్ని. శాఖాధిపతినీ నేనే, శాఖా నేనే. మధ్యాహ్నం కామర్స్ గదిలో బల్ల చుట్టూ టిఫిన్ డబ్బాలు తెరిచేవాళ్లు. నాకు ఆ గంటలోనే క్లాసు పడేది. క్లాసయ్యేసరికి వాళ్లు డబ్బాలు కడిగి ఎవరి గదుల్లోకి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. టైంటేబుల్ మార్చమని మొదట్లో అడిగాను. తర్వాత అడగడం మానేశాను.

నేను పెళ్లి చేసుకోలేదు. కారణాలకూ ఈ రాతకూ సంబంధం లేదు. కానీ స్టాఫ్‌రూంలో మాటలన్నీ పిల్లల సీట్లు, అల్లుళ్లు, కొన్న ప్లాట్ల చుట్టూనే తిరిగేవి. నా దగ్గర ఈ మూడూ లేవు. ఐదు నిమిషాల్లో నాతో మాట్లాడటానికి ఏమీ మిగిలేది కాదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, నేనూ కాదు.

ఈ ఉద్యోగంలో ఒంటరితనం కూడా ఒక భాగమని చేరేటప్పుడు ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది.

నేను పాఠం చెప్పిన తీరు

పుస్తకంలో వ్యవస్థీకృత నేరానికి ఉదాహరణలు ఇటలీ, షికాగో. కాస్త దగ్గరికొస్తే ముంబయి. నిర్వచనం నేను తేలిక మాటల్లో రాయించేదాన్ని. లాభం కోసం, ఒకరి కింద ఒకరుగా నిలబడిన మనుషులు, పని పంచుకుని, ఏళ్ల తరబడి ఆగకుండా చేసే నేరం. లక్షణాలు నాలుగు. పైనుంచి కిందికి వరుస, పని విభజన, అధికారంలో ఉన్నవాళ్ల అండ, నోరు విప్పకపోవడం. పిల్లలు రాసుకునేవాళ్లు. షికాగో ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు.

ఒక ఏడు నాకే విసుగు పుట్టి, "మీకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్పండి" అన్నాను. రెండో వరుసలో ఉన్న అమ్మాయి లేచింది. "మేడం, మా ఊర్ల వెంచర్ కాడ..." అని మొదలుపెట్టింది. వెనకనుంచి ఎవరో బెంచీని కాలితో తన్నారు. ఆ అమ్మాయి కూర్చుంది. అందరూ నోట్సుల్లోకి తల దించారు. అప్పుడు శ్రీశైలం అనే కుర్రాడు లేచి, "మేడం, షికాగోదే చెప్పుండ్రి. పరీక్షల గదే వస్తది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత ఎప్పుడో కూర్చుని లెక్కేస్తే అర్థమైంది. ఆ క్లాసులో ఒకరి బాపు రైతులను, పొలాలు కొని ప్లాట్లు చేసే వెంచర్ వాళ్ల దగ్గరికి తీసుకుపోతాడు. ఒకరి అన్న జేసీబీ నడుపుతాడు. ఇంకొకరు సెలవుల్లో హద్దురాళ్లకు రంగు వేస్తారు. ఒకడు తహసీల్ ఆఫీసు ముందు అర్జీలు నింపుతాడు. వీళ్లలో నేరస్థుడంటూ ఎవరూ లేరు. రాయికి రంగు వేస్తే నేరమా? పని విభజన గురించి చెబుతూ, అది నా ఎదురుగా నలభై మంది రూపంలో కూర్చుని ఉంటే నేను చూడలేదు. నలుగురు రౌడీల కోసం వెతికాను.

ఆ ఏడు ఆ ప్రశ్నకు శ్రీశైలం రాసిన జవాబు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "పనిని చిన్న ముక్కలు చేసి పంచడం వల్ల, ఎవరి ముక్క వాళ్లకు మామూలు పనిలాగే కనిపిస్తుంది. కనుక వాళ్లకు తప్పు చేస్తున్నామన్న బాధ ఉండదు." ఇది నా నోట్సులో లేదు, ఏ గైడులోనూ లేదు. పదహారుకు పదిహేను వేశాను. మిగిలిన ఒక్క మార్కు చేతిరాత బాగా లేదని తగ్గించాను. ఎంత గొప్పదాన్నో చూడండి.

ఆదివారాలు

మేము గెజిటెడ్ అధికారులం. అంటే జిరాక్సు మీద మేము పచ్చ సిరాతో సంతకం చేసి, పేరూ హోదా ఉన్న ముద్ర వేస్తే, అసలు కాగితాన్ని కళ్లతో చూసి సరిపోల్చామని అర్థం. ఉద్యోగానికి అర్జీ పెట్టుకునే పిల్లలు ఈ సంతకం కోసం కాళ్లరిగేలా తిరిగేవాళ్లు. ఈ మధ్య చాలా చోట్ల సొంత సంతకం చాలంటున్నారు గానీ, అప్పట్లో చాలా చోట్ల అడిగేవాళ్లు. సంతకం పెట్టే పెద్దమనుషులు రేపు రా, ఎల్లుండి రా అని తిప్పేవాళ్లు.

మా ప్రిన్సిపాల్ దామోదర్ సార్ తిప్పేవాడు కాదు, కానీ అసలు కాగితం లేకపోతే పెన్ను మూత తీసేవాడు కాదు. యాచారం అవతల నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లను కూడా, "ఒరిజినల్ పట్కరాపో" అని వెనక్కి పంపేవాడు. నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఆయన గదిలోకి వెళ్లి గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. "అనసూయమ్మా, చూసినమని రాస్తున్నం గద. మరి చూడాలె గద" అన్నాడు. చాదస్తపు మనిషి అనుకుని బయటికొచ్చాను. స్టాఫ్‌రూంలో ఆయన గొంతును అనుకరించి నవ్వించాను కూడా. ఆ గదిలో నేను నలుగురిని నవ్వించిన రోజు అదొక్కటే.

"సంతకాలు కావాలంటే ఆదివారం మా ఇంటికి రండి" అని పిల్లలకు చెప్పాను. అప్పుడు ఇబ్రహీంపట్నంలో బస్ డిపో వెనక మేడ మీద రెండు గదుల్లో ఉండేదాన్ని. ఆదివారం ఎనిమిది కొట్టేసరికి మెట్ల మీద పిల్లలు, వాళ్ల తల్లులు, పాత స్టూడెంట్లు. పెద్ద గిన్నెతో టీ పెట్టేదాన్ని. ఎవరి ఊరేది, ఎవరికి ఎక్కడ ఉద్యోగమొచ్చింది, ఎవరికి కడుపు పండింది, అన్నీ ఆ మెట్ల మీదే తెలిసేవి. ఒంటిగంటకు అందరూ వెళ్లిపోయాక గ్లాసులు కడుగుతుంటే కడుపు నిండినట్టుండేది. బీదపిల్లలకు సేవ చేస్తున్నానని అందరికీ చెప్పుకున్నాను. నిజం అది కాదు. వారంలో ఆరు రోజులు నన్ను ఆప్యాయంగా పలకరించేవాళ్లు లేరు. ఆ సంతకాల కోసం వాళ్లకు నేను కావాలి, ఆ పలకరింపుల కోసం నాకు వాళ్లు కావాలి.

శ్రీశైలం డిగ్రీ అయ్యాక జిరాక్సు, డీటీపీ షాపు పెట్టాడు. కొన్నేళ్లకు జనమంతా తమ కాగితాలు అతనికే ఇచ్చేవాళ్లు, అతను కట్ట కట్టి ఆదివారం తెచ్చేవాడు. అతను కట్ట పేర్చే పద్ధతి చెప్పాలి. ప్రతి జిరాక్సునూ ఒకదాని మీద ఒకటి మెట్లు మెట్లుగా జరిపి, కింద సంతకం పెట్టే చోటు మాత్రమే కనిపించేలా క్లిప్పు పెట్టేవాడు. పెన్సిల్‌తో చిన్న టిక్కు కూడా ఉండేది. నేను పైనుంచి కిందికి సంతకాలు చేసుకుంటూ పోవడం, అతను వెనకాలే ముద్రలు వేస్తూ రావడం. చేతులు పని చేస్తుంటే నోళ్లు కబుర్లు చెప్పుకునేవి. అతని పెళ్లి, బిడ్డ బారసాల, తండ్రి మంచాన పడటం, అన్నీ ఆ కట్టల మీదుగా విన్నాను. నాకు డెంగీ వచ్చినప్పుడు దవాఖానలో మూడు రోజులు కూర్చుంది అతనూ అతని భార్యా. మా అన్నయ్యలకు కబురు చేస్తే ఫోన్‌లో మాట్లాడి ఊరుకున్నారు.

ఇది కూడా రాసిపెట్టుకోండి. ఆ ప్రేమ నటన కాదు. నేను చదివిన పుస్తకాల్లో నేరస్థులు మనుషులను వాడుకోవడానికి ప్రేమ నటిస్తారని ఉంది. శ్రీశైలం నటించలేదు. అందుకే నాకు అంతకాలం పట్టింది.

చచ్చిపోయిన మనిషి వచ్చింది

ఒక మధ్యాహ్నం నా గదిలోకి నలభై అయిదేళ్ల ఆవిడ వచ్చింది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ, చేతిలో ప్లాస్టిక్ కవరు. పేరు శాంతమ్మ. రావిర్యాల వైపు ఒక కంపెనీ క్యాంటీన్లో వంట చేస్తుందట. కూర్చోమన్నా కూర్చోలేదు. కవర్లోంచి ఒక జిరాక్సు తీసి బల్ల మీద పెట్టింది.

"మేడం, ఈ సంతకం నీదేనా?"

చూశాను. అది మరణ ధ్రువపత్రం. కింద నా సంతకం, నా ముద్ర, అసలుతో సరిచూశానన్న మాట.

"ఎవరిదమ్మా ఇది?"

"నాదే. గా కాయితంల నేను సచ్చిపోయిన్నంట."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. చెప్పీ చెప్పీ అలిసిపోయిన గొంతు. తండ్రికి ఆవిడొక్కతే బిడ్డ. ఆయన పోయాక ఎకరం ఇరవై గుంటలు ఆవిడ పేరున పడింది. పాసుబుక్కు పని మీద తహసీల్ ఆఫీసుకి వెళ్తే, "ఆ శాంతమ్మ చనిపోయింది, బిడ్డ పేరు మీద విరాసత్ అయిపోయింది" అన్నారట. విరాసత్ అంటే వారసుల పేరు మీదికి భూమి మార్చడం. శాంతమ్మకు కూతురే లేదు. ఆ లేని బిడ్డ భూమి అమ్మేసింది. కొన్నవాళ్లు హద్దురాళ్లు పాతారు. ఒక వకీలు ఆ ఫైలు నకలు తీసిచ్చాడు. అందులో ఉన్న సంతకాలన్నీ గీతలే, ఎవరివో తెలియదు. పూర్తిగా చదవగలిగిన పేరూ, హోదా, చిరునామా నాదొక్కటే. అందుకే నా దగ్గరికొచ్చింది.

 బతికున్న మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, ఆమె చచ్చిపోయిందన్న కాగితాన్ని నేను సరిచూశానని రాసి ఉంది. ఆ క్షణంలో నాకు తట్టింది శాంతమ్మ భూమి కాదు. నా ఉద్యోగం, నా పింఛను, కామర్స్ గదిలో చెప్పుకోబోయే మాటలు.

"ఇది నా సంతకం కాదు" అన్నాను.

ఆవిడ బల్ల మీదున్న పచ్చ పెన్ను వైపు చూసింది. నా వైపు చూసింది.

"గట్లనా. అయితే జర గదే మాట కాయితం మీద రాసియ్యి మేడం. దొంగ సంతకమని తేలితే నా పనైతదని వకీలు చెప్పిండు."

"రేపు రా" అన్నాను. ఎవరిని చూసి ఒళ్లు మండేదో ఆ పెద్దమనుషుల మాటే నా నోట వచ్చింది.

శ్రీశైలం చెప్పిన పాఠం

కాలేజీ నుంచి తిన్నగా అతని షాపుకి వెళ్లాను. ఎండగా ఉంది, గిరాకీ లేదు. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. జిరాక్సు చేతికిచ్చాను. ఒక్కసారి చూసి తిరిగిచ్చేశాడు.

"ఇది నువ్వు తెచ్చిన కట్టలోదేనా?"

"అవ్ మేడం."

అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"ఇది దొంగదని నీకు తెలుసా?"

"అడగలె మేడం. నాకాడికి కాయితం వస్తది. మీతోని సంతకం వెట్టిస్త. ఇచ్చినోనికి ఇచ్చేస్త. ఆ ముందు ఏమైందో, ఆ తర్వాత ఏమైతదో నేనెందుకు అడుగుత?"

"ఎన్ని తెచ్చావు ఇలాంటివి?"

"తెల్వది. నిజంగనే తెల్వది." జిరాక్సు మిషను మూత దించాడు. "మీరు ఫికర్ జెయ్యకుండ్రి. ఆమె అడిగినట్టే రాసియ్యండ్రి. ఈ సంతకం నాది కాదు అని. మీకేం గాదు, నాకేం గాదు. కేసు యాడికి పోదు. ఎవ్వడు దొంగ సంతకం వెట్టిండో దేవులాడుకుంట ఏండ్లు గడుస్తయ్."

"మరి ఆమె భూమి?"

అతను కౌంటర్ మీదున్న కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. "మీదికి ఎవరున్నరో నాకు తెల్వదు మేడం. ఒక్కనే తెలుసు. వాని పేరు చెప్తే నేనుండ."

అక్కడ నాకు మొత్తం కనిపించింది. శాంతమ్మ అమాయకంగా అడిగిన కాగితమూ, వాళ్లు కోరుకునే కాగితమూ ఒకటే. నా సంతకం కాదని నేను రాస్తే, నా దగ్గరే దారి తెగిపోతుంది. నాదేనని చెబితే నా పక్క మనిషి పేరు చెప్పాలి. ఆ తర్వాత అతను అతని పక్క మనిషి పేరు చెప్పాలి. ఒకరు ఇంకొకరిని తప్ప ఎరగని వరుస అది. ఎవరికీ కోపం లేదు, కత్తి లేదు, ఒకరి మీద ఒకరికి ఆప్యాయత ఉంది. పుస్తకంలో వరుస అన్న చోట నేను పటం గీసి, పైన దొర, కింద గూండాలు అని రాసేదాన్ని. ఆ పటంలో ఆదివారం టీ పెట్టే లెక్చరరుకు చోటుందని నాకు తెలియదు.

వ్యవస్థీకృత నేరం అంటే ఏమిటని ఇప్పుడు నన్నడిగితే ఇలా చెబుతాను. అది భయపెట్టి పని చేయించుకోవడం చాలా తక్కువ. ఏ మనిషికి ఏం తక్కువైందో అది కనిపెడుతుంది, అదే తెచ్చి ఇస్తుంది. శ్రీశైలానికి గిరాకీ ఇచ్చింది. నాకు మనుషులను ఇచ్చింది. అండ అనే మాటకు అసలు అర్థం కూడా ఆ షాపులోనే తెలిసింది. లేచి వస్తుంటే అతను, "మీ జోలికి ఎవ్వరు రారు మేడం, నేనున్న" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు.

క్యాంటీన్ వెనక

శాంతమ్మ మర్నాడు వస్తే ఏం చేసేదాన్నో చెప్పలేను. రాలేదు, సెలవు దొరకలేదట. రెండు రోజులు చూసి నేనే వెళ్లాను. క్యాంటీన్ వెనక తలుపు దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతోంది.

"ఆ సంతకం నాదే" అన్నాను. "చూడకుండా పెట్టాను. మొన్న నీకు అబద్ధం చెప్పాను."

కత్తి ఆగలేదు. "నాకు ఎర్కనే. నీ మొకం జూస్తెనే తెలిసింది."

"మరి రాసిమ్మని ఎందుకడిగావు?"

"నీదే అయితే చెయ్యి వణుకుతది గద. రాస్తవో రాయవో జూద్దామనుకున్న." తరిగిన ముక్కలు గంపలో పోసింది. "పోలీసుల కాడ చెప్తవా?"

"చెబుతాను."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున..."

"రేపంటే నీ మనసు మారుతది. ఇప్పుడే నడు." లోపలికి ఒక కేకేసి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని ముందు నడిచింది. ఇద్దరం ఆటో ఎక్కాం. ఆవిడ చేతుల ఉల్లిగడ్డ వాసనకు నా కళ్లు మండాయి. అది ఉల్లిగడ్డ ఘాటే అని సరిపెట్టుకున్నాను.

ఆవిడ నన్ను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. కొత్తగా చేరేవాళ్లు నా కథలో చివరికి క్షమాపణ దొరుకుతుందని ఎదురుచూడకండి. మనం తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఎదుటివాళ్లు మనకు చుట్టాలైపోరు.

ఆ తర్వాత

సంతకం నాదేనని, కాగితం తెచ్చింది శ్రీశైలమని వాంగ్మూలం ఇచ్చాను. మెమోలు, విచారణలు నడిచాయి. రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. అది సబబే. శ్రీశైలాన్ని అరెస్టు చేశారు. కూతురిగా నటించిన ఆవిడ దొరికింది. శ్రీశైలానికి తెలిసిన ఆ ఒక్కడి పేరు అతను చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదట. దాంతో వరుస అతని దగ్గరే ఆగిపోయింది. శాంతమ్మ కాగితాల మీద మళ్లీ బతికింది. భూమి మాత్రం కేసు తేలేదాకా ఎవరూ ముట్టుకోవద్దని కోర్టు ఆపింది. కొన్నవాళ్లు, మేం నమ్మి కొన్నాం, మోసం సంగతి మాకు తెలియదని వాదిస్తున్నారు.

ఆ వచ్చిన ఆదివారం ఎవరూ రాలేదు. ఆ తర్వాతదీ అంతే. నేను సంతకాలు మానేశానని అనుకున్నారేమో అని, "ఒరిజినల్ తెస్తే పెడతాను" అని క్లాసులో చెప్పాను. ఒక్కరూ రాలేదు. పోలీసులకు పేరు చెప్పే మనిషి గుమ్మం తొక్కడానికి ఎవరికైనా భయమే. మార్కెట్లో పాత స్టూడెంట్లు నన్ను చూసి ఫోన్ చెవికి పెట్టుకునేవాళ్లు. శ్రీశైలం భార్య ఒకసారి కూరగాయల బండి దగ్గర ఎదురుపడి, "దవాఖానల కూసున్నందుకు మంచిగ చేసినవ్ మేడం" అని వెళ్లిపోయింది. ఆ మాట ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది. దామోదర్ సార్ దగ్గరికి వెళ్లి మీరన్నదే నిజమని చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆయన పోయి ఏడాదైంది.

ఉద్యోగం చివరి మూడేళ్లు ఆ గదిలో ఎలా గడిపానో నాకే తెలుసు. బెల్లు కొడితే క్లాసుకి, క్లాసయితే గదికి. ఇంట్లో పెద్ద టీ గిన్నె వాడే పనే లేకపోయింది. రిటైరైన రోజు శాలువా కప్పారు, ఫోటో దిగారు, భోజనాలకు తొందరపడ్డారు. చేసింది సరైన పనే. కానీ సరైన పని చేస్తే మనసు తేలికవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు కాలేదు.

కొత్త అమ్మాయికి నేను చెప్పేది రెండే. అసలు కాగితం చూడందే సంతకం పెట్టకు, ఏడ్చినా సరే. రెండోది, ఒంటరిగా ఉన్నావని నీకు నువ్వు ఒప్పుకో, పైకే అనుకో. నేను దానికి సేవ అని పేరు పెట్టాను. ఆ పేరు వెనక నా ఆకలి నాకే కనిపించలేదు.

కోర్టులో

సాక్ష్యానికి పిలుపు రిటైరయ్యాక వచ్చింది. వరండాలో ఒకటే బెంచీ. దాని మీద శాంతమ్మ ఒక చివర, ఇంకెవరో ముసలాయన మధ్యలో, శ్రీశైలం ఇంకో చివర. బెయిలు మీద ఉన్నాడు, జుట్టు నెరిసింది. నేను మెట్లెక్కి రావడం చూసి లేచాడు. "కూసోండ్రి మేడం, మోకాళ్ల నొప్పి గద" అన్నాడు. కూర్చున్నాను. శాంతమ్మ నా వైపు ఓసారి చూసి, మళ్లీ గేటు వైపు తిరిగింది. నేను రిటైరయ్యాక నా మోకాళ్ల సంగతి అడిగిన మొదటి మనిషి ఆ శ్రీశైలమే.

లోపలికి పిలిచేముందు ప్రభుత్వ వకీలు వచ్చి చెవిలో చెప్పాడు. "మేడం, మొత్తం మీ మీదనే ఉంది. కాగితం తెచ్చినాయన్ని కోర్టుల మీరు గుర్తుపట్టాలె. గుర్తుపడితేనే మోసం రుజువైతది, రేపు ఆ అమ్మకం కొట్టేసి ఆమె భూమి ఆమెకిస్తరు. అటు వకీలు గట్టోడు, జర చూస్కోండ్రి."

బోనెక్కాను. అడిగిన వాటికి జవాబు చెప్పాను. ఆదివారాల గురించి, కట్టల గురించి, పెన్సిల్ టిక్కుల గురించి. చివరికి జడ్జి గారు, "ఆ మనిషి ఇక్కడ ఉన్నాడా? చూపించండి" అన్నారు.

వెనక గోడ పొడుగునా, ఆ రోజు కేసులున్నవాళ్లు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. అందరివీ లేతరంగు చొక్కాలే. వాళ్ల వెనక కిటికీ, దాంట్లోంచి పడుతున్న ఎండ. నాకు శుక్లాల ఆపరేషన్ ఇంకా కాలేదు. ముఖాలు ఆనలేదు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాను. చీకటి బొమ్మలే కనిపించాయి. అందాజుగా ఒకరిని చూపిస్తే, అది తప్పయితే, శాంతమ్మ పని అక్కడితో అయిపోతుంది. అటువైపు వకీలు కుర్చీలో వెనక్కి వాలాడు. అతను నవ్వుతున్నాడో లేదో కూడా నాకు కనిపించలేదు. "తొందరేం లేదమ్మా" అన్నారు జడ్జి గారు. హాలంతా నా చూపుడు వేలి కోసం చూస్తోంది. నేను గోడ వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆ చీకటి బొమ్మల్లో ఒక చెయ్యి పైకి లేచింది.

"ఈడున్న మేడం" అన్నాడు శ్రీశైలం.

అతని వకీలు కుర్చీలోంచి లేచి ఏదో గట్టిగా అంటున్నాడు. నేను వినలేదు. లేచిన ఆ చెయ్యి వైపు వేలు చూపించి, "అతనే" అని చెప్పాను.